మామగారు తెరకెక్కిన ఆదివారం

ఆదివారం ఉదయం కాఫీ అయ్యాక మామగారికి ఓ పాత సినిమా చూపించి, ఆయన్ని మెప్పించెయ్యాలని అల్లుడి పథకం. మెప్పించకపోతే కొంప మునుగుతుంది. ఆఫీసు ఉద్యోగం వదిలేసి ఏడాదిగా ఇంట్లో కూర్చుని అతను ఓ ప్లగిన్ రాస్తున్నాడు. దాచుకున్న సినిమాలను టీవీలో చూపించే మీడియా సాఫ్ట్‌వేర్‌కు తగిలించే తోక లాంటిదది. సినిమాకు ముందు, థియేటర్లో లాగా, దాచుకున్నవాటిలోనే ఓ మూడింటి ట్రైలర్లను ఇంటర్నెట్ నుంచి తెచ్చి వేస్తుంది. ఇది కూడు పెట్టే పని కాదని మామగారి తీర్పు. తన సిమెంటు గోదాములో మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంచి, సోమవారం వచ్చి కూర్చోమన్నారు. తప్పించుకోవడానికి ఈ ఒక్క పూటే గడువు.

"ఏదీ, ఆ తోక ఆడించండి చూద్దాం" అన్నారు మామగారు సోఫాలో కాలు మీద కాలేసుకుని.

మొదటి ట్రైలర్ వచ్చింది. సముద్రం లేచింది, ఓడ విరిగింది, మబ్బుల్లోంచి గుర్రాలు దిగాయి. మామగారి కాలు కాలు మీద నుంచి దిగింది.

"ఇదంతా మీరే తీశారా?"

"లేదండీ, తెప్పించానంతే."

"తెప్పించడమంటే మాటలా! నాలుగు లారీలు తెప్పించడానికి నాకు తల ప్రాణం తోకకొస్తుంది" అన్నారాయన మనస్ఫూర్తిగా. అల్లుడు వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య వంక గర్వంగా చూశాడు.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నారు పెద్దలు. ఈ అల్లుడి శని ఫోల్డర్లో ఉంది. ఇంటర్నెట్లో ట్రైలర్ దొరకని వీడియోకు ప్లగినే సొంతంగా ఒకటి తయారు చేసేలా, ఏమీ తోచని రోజున అతను రాసి మరిచిపోయాడు. వీడియోలో గట్టిగా వినిపించిన ముక్కలన్నీ కత్తిరించి, మధ్యమధ్య ఉరుములు పెట్టి, ఫైలు పేరును బంగారు అక్షరాల్లో వేస్తుందది. ఆ సినిమాల ఫోల్డర్లోనే అతని భార్య, చోటుందని, ఇంట్లోవాళ్ల వీడియోలన్నీ పడేసింది.

తెర చీకటైంది. ఉరుము. "పెళ్ళి ఫైనల్ నిజంగా ఫైనల్" అని బంగారు అక్షరాలు మెరిశాయి.

"ఏమండీ, ఆపండి!" అని భార్య కేక పెట్టింది. కూతురి పెళ్ళిలో కరెంటు పోయినప్పుడు మామగారు వేసిన వీరంగం ఆ వీడియోలో ఉంది. చుట్టాలు ఏళ్ల తరబడి నవ్వుతుంటే అవమానంతో కుంగిపోయి, దాన్ని ఎవరూ చూడకూడదని ఆయన ఒట్టు వేయించారు. అల్లుడు రిమోట్ కోసం వెతికాడు. దాని మీద మామగారు కూర్చుని ఉన్నారు.

"నా కూతురి పెళ్ళిలో చీకటా!" తెర మీద మామగారు వేలెత్తారు. ఉరుము. "వెలుగు కావాలి! ఇప్పుడే కావాలి!" మళ్ళీ ఉరుము. భళ్ళున దీపాలన్నీ వెలిగాయి. ఆ వెలుగులో ఆయన ముఖం తెరంతా నిండింది.

సోఫాలో మామగారు మెల్లగా లేచి నిలబడ్డారు. అల్లుడు రిమోట్ మీదికి చెయ్యి చాచాడు.

ఈ ఉరుములకు పక్కింటాయన పరుగెత్తుకొచ్చాడు. "ఎవరికేమైందండీ?"

అతని వెనకే మూడో ట్రైలర్ కూడా వచ్చింది. "గుమ్మం". తలుపు దగ్గరి కెమెరాలో రికార్డయిందది. తెల్లవారుజామున బనియన్‌తో పక్కింటాయన వంగి, అటూ ఇటూ చూసి, వీళ్ల పేపరు చంకన పెట్టి తుమ్మాడు. ఉరుము. ఇంకో రోజు, ఇంకో పేపరు, ఇంకా పెద్ద తుమ్ము.

"మా పేపరు!" అంది భార్య. "ఏజెంటుని అనవసరంగా తిట్టానే!"

పక్కింటాయనకు అదేమీ వినిపించలేదు. రెండు చేతులూ జోడించి తెర వంకే చూస్తున్నాడు. "నేను... ఇంత బాగా తుమ్ముతానా?"

అల్లుడికీ ఒళ్ళు గగుర్పొడిచింది. రాసింది తానే, అయినా ఒక తుమ్ముకు ఇంత మహత్తు ఎక్కడి నుంచి వచ్చిందో తనకే తెలియదు.

మామగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఇన్నాళ్ళూ ఆ రోజు నేను పిచ్చివాడిలా అరిచాననుకున్నానమ్మా" అన్నారు కూతురితో. "చూశావా, ఎలా ఉన్నానో?"

"రాజులా ఉన్నావు నాన్నా" అందామె, నిజంగానే.

ఆయన అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు. "ఇది కాలక్షేపం కాదు, విద్య. ఇంత విద్య ఉన్నవాడిని పట్టుకుని కుర్చీలో కూర్చోమన్నాను చూడండి, బుద్ధిలేక! ఆ మాట మరిచిపోండి."

అల్లుడు గాల్లో తేలిపోయాడు. ఎదురుగా జీవితమంతా ప్లగిన్లే కనిపించాయి.

"మా గోదాములో లారీ వెనక్కి వస్తుంటే చూడాలి మీరు" అని మామగారు మెరిసే కళ్ళతో కొనసాగించారు. "దుమ్ము లేస్తుంది, బస్తాలు దబదబా పడతాయి, మధ్యలో నిలబడి నేను అరుస్తుంటాను..."

సోమవారం ఉదయం అల్లుడు కెమెరా పట్టుకుని సిమెంటు గోదాములోనే ఉన్నాడు. కుర్చీ మాత్రం లేదు.