కాస్టిక్ సోడాకు నిలకడ ధర

దేశంలోని రసాయనాల ధరలన్నిటినీ ఒంటిచేత్తో కాపాడుతున్న మంత్రిగారు ఆ సోమవారం పత్రికలవాళ్లను పిలిపించి, గోడంత తెర మీద ఒక గీత చూపించారు. గీత ఎడమ గోడ దగ్గర మొదలై కుడి గోడ దగ్గర ఆగింది. మధ్యలో ఎక్కడా లేవలేదు, ఎక్కడా పడలేదు. కడుపులో చల్ల కదలకుండా పడుకుని ఉంది.

"ఇది కాస్టిక్ సోడా," అన్నారు మంత్రిగారు. "ముప్పై నెలలుగా బస్తా ధర పైసా కదలలేదు. ప్రపంచంలో ఎక్కడైనా ఇలాంటి ప్రైస్ ట్రెండ్ చూశారా?"

ఎవరూ చూడలేదు. ఒక ముసలి విలేఖరి మాత్రం సల్ఫ్యూరిక్ యాసిడ్ సంగతేమిటని అడిగాడు. దాని గీత ఇంకా గీస్తున్నారని చెప్పి, అతనికి మరో కప్పు టీ ఇప్పించారు.

ఈ మంత్రిగారిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు వెనకటి సంగతులు మరిచిపోయినవాళ్లు. ఈయనకు ముందున్నాయన, ధరలు పెరిగాయని జనం గోల పెడితే ధరల బోర్డు మీద గుడ్డ కప్పించాడు. అంతకు ముందాయన బోర్డే పీకించాడు. అంతకన్నా ముందాయన బోర్డు రాసేవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశాడు. ఈయన అలాంటి చిల్లర పనులేవీ చేయలేదు. బోర్డు మళ్లీ పెట్టించి, దాని మీద దీపం కూడా పెట్టించారు. చిత్తశుద్ధి అంటే అదీ.

ఇక ఆ గీత పుట్టుక చెప్పాలి. ఎంత పెద్ద నదైనా ఎక్కడో రాళ్ల సందున చెంబుడు నీళ్లుగానే పుడుతుంది. ఈ గీత రసాయనాల బజారులో, మూడో సందు మొదట్లో, సోడా బాబాయి కొట్లో పుట్టింది.

సోడా అంటే తాగే సోడా కాదు. సబ్బుల వాళ్లూ కాగితం వాళ్లూ వాడే కాస్టిక్ సోడా. చూడటానికి తెల్లటి రేకులు, ముట్టుకుంటే చర్మం ఊడుతుంది. నలభై ఏళ్లుగా ఆ బస్తాలు ఎత్తీ దించీ బాబాయి వేళ్ల మీది గీతలు చెరిగిపోయాయి. ఎక్కడైనా వేలిముద్ర వేయమంటే ఉత్త మచ్చ పడుతుంది. మనిషి మెత్తన. తండ్రి పోతూ పోతూ కొట్టు అప్పజెప్పి ఒకే ఒక్క మాట చెప్పాడు: గల్లా దగ్గర కూర్చుని 'లేదు' అనకురా, ఆ మాట అలవాటైతే కొట్టే లేకుండా పోతుంది అని. బాబాయి ఆ మాట జవదాటలేదు. సరుకు అయిపోతే రేపు రండి అంటాడు, దారిలో ఉంది అంటాడు, మంచి రకం రానివ్వండి అంటాడు. లేదని మాత్రం అనడు. పెళ్లయిన కొత్తలో పిన్ని ఇంట్లో ఉప్పుందా అని అడిగితే, దారిలో ఉందన్నాడట. రెండు రోజులు చప్పిడి కూడు తిన్నాక పిన్నికి సంగతి అర్థమైంది.

ఆయన ఆఖరి బస్తా అమ్మి ముప్పై నెలలైంది. ఆ రోజు వాన. కొన్నవాడు గొడుగు మరిచిపోయి వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఫ్యాక్టరీ వాళ్లు ధర పెంచారు, ఓడల వాళ్లు పెంచారు, గోడౌన్ల వాళ్లు ఆ ఇద్దరినీ చూసి పెంచారు. బస్తా మూడింతలైంది. అంత పోసి కొనే తాహతు లేక బాబాయి బ్లీచింగ్ పౌడరూ, ఫినాయిలూ, సున్నమూ అమ్ముకుంటూ రోజులు నెట్టుకొస్తున్నాడు.

అయితే ధరల శాఖ జాబితాలో కాస్టిక్ సోడాకు రిఫరెన్స్ షాపు అదొక్కటే. ప్రతి నెలా ఒకటో తారీఖున ధరల గుమాస్తా వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఫారం తీసి, బస్తా ఎంత అని అడుగుతాడు. బాబాయి ఆఖరి బస్తా అమ్మిన ధర చెబుతాడు. అబద్ధం కాదు, ఆ కొట్లో అంతకు మించి ఎప్పుడూ అమ్మలేదు. ఫారంలో ధరకు గడి ఉంది, సరుకుకు గడి లేదు. గడి లేని సంగతి అడగటానికి గుమాస్తా ఎవరు? రాసుకుని వెళ్లిపోతాడు. అలా ముప్పై నెలలకు ముప్పై చుక్కలు పడ్డాయి. చుక్కలన్నీ కలిపితే గీత అయింది.

మంగళవారం పొద్దున బాబాయి షట్టరు ఎత్తేసరికి ఎదురుగా పెద్దమ్మ నిలబడి ఉంది. ఆయన అన్నగారి భార్య. అన్న పోయాక రేకుల షెడ్డులో సబ్బు కాస్తూ తను బతుకుతోంది, ఇంకో ఆరుగురు ఆడవాళ్లను బతికిస్తోంది. ఆసుపత్రి లాండ్రీకి బట్టల సబ్బు ఆవిడదే. నెలాఖరుకు మూడు వేల బిళ్లలు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే షెడ్డు మూతపడుతుంది. నూనె పీపాలు నిండుగానే ఉన్నాయి. సోడా కలవనిదే నూనె ఎంత కాచినా నూనెగానే ఉంటుంది కదా. గోడౌన్ల ధరకు సోడా కొంటే బిళ్ల బిళ్లకూ చేతిచమురు వదులుతుంది. ఏం చేయాలో తోచక కూర్చున్న ఆవిడ కంట్లో పత్రికలోని మంత్రిగారి గీతా, దాని కింద మరిది కొట్టు పేరూ పడ్డాయి.

పత్రిక మడత విప్పి బల్ల మీద పరిచింది.

"ఏం మరిదీ, ఇంత చవగ్గా అమ్ముతూ సొంత వదినకు ఓ మాట చెప్పవా? మంత్రి చెబితే గాని తెలియలేదు."

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎనిమిది బస్తాలు కావాలి నాకు."

"దారిలో ఉంది వదినా. రేపు రా."

ఆవిడ రేపు వచ్చింది, ఎల్లుండీ వచ్చింది. ఆవిడ వెనక కాగితం గుజ్జు ఉడికించేవాళ్లు, అద్దకాల వాళ్లు, మురుగ్గొట్టాలు శుభ్రం చేసేవాళ్లు వరసకట్టారు. గురువారానికి వరస సందు మలుపు తిరిగింది. బాబాయి అందరికీ ఎంతో మర్యాదగా రేపు చూపించాడు. పెద్దమ్మకు మాత్రం, ఆవిడ మొహం చూడలేక, శనివారం అని చెప్పాడు.

"ఆలూ లేదు చూలూ లేదు, ఊరందరికీ ఉయ్యాల చూపిస్తున్నారు," అంది పిన్ని వెనక గదిలోంచి. "ఒక్కసారి లేదని చెప్పండి. నోరేం కాలదు."

"నలభై ఏళ్లు అనని మాట వదినతో మొదలుపెట్టమంటావా?"

వరసలు గీతలో కనపడవు గాని వీధిలో కనపడతాయి. శుక్రవారం ధరల శాఖ డిప్యూటీ డైరెక్టరుగారు స్వయంగా దిగి, కొట్టు దాటుకుని వెనక గదిలోకి నడిచారు. అక్కడ ఖాళీ చెక్కబల్లలున్నాయి, గోడకు ఒక గొడుగు ఉంది. స్టాకేదని అడిగారు. బాబాయి నేల చూశాడు. ముప్పై నెలలుగా లేదని పిన్నే చెప్పింది. ఇక కొట్టు మూయిస్తారనుకుని మొగుడూ పెళ్లాలిద్దరూ బిక్కచచ్చిపోయారు.

డిప్యూటీగారు గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకున్నారు.

"నయం. మీరు గాని అమ్ముతున్నారేమోనని హడలిపోయాను."

"అమ్మితే తప్పా సార్?" అన్నాడు బాబాయి.

"అమ్మితే మళ్లీ కొనాలి. కొంటే ఇప్పటి ధరకు కొనాలి. ఆ ధర మా గుమాస్తాకు చెబుతారు. గీత లేస్తుంది. మనకెందుకొచ్చిన పీడ చెప్పండి? నా సర్వీసు మొత్తంలో చూశాను, సరుకున్న చోటే ధర పెరుగుతుంది."

"మరి బయట జనం..."

"అది క్యూ. క్యూ మా సెక్షన్ కాదు."

పోతూ పోతూ ఆయన శుభవార్త చెప్పారు. నిలకడగా ధర నిలబెట్టినందుకు మంత్రిగారు రేపు ఈ కొట్టు ముందే బాబాయికి సన్మానం చేస్తున్నారట. బాబాయి రెండు మాటలు మాట్లాడాలి. ఒకటి ధర, రెండోది కృతజ్ఞత.

శనివారం సందులో వేదిక లేచింది. మంత్రిగారు వచ్చి, అద్దం కట్టించిన గీతను బాబాయి చేతుల్లో పెట్టారు. కింద పేరూ లేదు, ఊరూ లేదు, గీతొక్కటే. ఎంత హుందాగా ఉందో చెప్పలేం. ముందు వరసలో పెద్దమ్మ నిలబడింది. శనివారం అన్నాడు కదా అని ఆరుగురు ఆడవాళ్లనూ, తోపుడు బండినీ, బస్తాలు కట్టే తాళ్లనూ వెంట తెచ్చుకుంది.

"చెప్పు బాబాయ్, బస్తా ఎంత?" అన్నారు మంత్రిగారు మైకులో.

బాబాయి చెప్పాడు. సందు మారుమోగేలా చప్పట్లు.

మంత్రిగారి చూపు బండి మీద పడింది. "అమ్మా, బండి కూడా తెచ్చుకున్నట్టున్నారు. ఎన్ని కావాలి?"

"ఎనిమిది, బాబూ."

"ఇచ్చెయ్ బాబాయ్. ఫొటో తీస్తారు."

డిప్యూటీగారు దగ్గారు, మళ్లీ దగ్గారు. బాబాయి వదిన వైపు చూశాడు. నెలాఖరు ఇంకా నాలుగు రోజుల్లో ఉంది. ఇప్పుడు మళ్లీ రేపంటే ఆవిడ రేపటికీ ఇక్కడే నిలబడుతుంది, ఇంకెక్కడా వెతకదు. తనను నమ్ముకుని మునిగిపోతుంది. నలభై ఏళ్లుగా నాలుక కింద దాచుకున్న మాట మైకులో పడింది.

"లేదు. ఒక్క బస్తా కూడా లేదు. ముప్పై నెలలుగా లేదు. నన్ను నమ్ముకోకు వదినా, ఇంకెక్కడైనా చూసుకో."

ఇంకొకరైతే తడబడేవారు. మంత్రిగారు కాబట్టి బాబాయిని అమాంతం కావిలించుకున్నారు.

"విన్నారా? సరుకుండి ధర పెంచనివాడు మంచివాడు. సరుకే లేకపోయినా ధర పెంచనివాడు మహానుభావుడు."

చప్పట్లు ముందుకన్నా గట్టిగా మోగాయి. వరసలో నిలబడ్డ కాగితం గుజ్జు ఆసామి కూడా కొట్టాడు, కొట్టాక తన చేతులు తను చూసుకున్నాడు. మంత్రిగారు అక్కడికక్కడే ఆజ్ఞ వేశారు: ఇకమీదట ఏ వస్తువుకైనా సరుకు లేని చోటే ధర అడగాలి. సరుకున్నవాళ్ల మాట నమ్మటానికి వీల్లేదు, వాళ్లకు స్వార్థం ఉంటుంది. సాయంత్రంలోగా బాబాయి కొట్టుకు కొత్త బోర్డు కొట్టారు. 'ఆదర్శ నిలకడ ధరల కేంద్రం' అని.

పెద్దమ్మ ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదని బాబాయి ఆ రాత్రి రెండు సార్లు అన్నాడు.

ఆదివారం ఆయన స్కూటరు అమ్మేశాడు. చాలలేదు. పిన్ని తన కుట్టుమిషను తనే వాకిట్లోకి లాగి, దీన్ని కూడా తీసుకెళ్లండి, నా కళ్లకు సూదిలోకి దారం ఎక్కటం లేదు ఎలాగూ అంది. ఎక్కకపోవటమేమిటి, శుక్రవారం కూడా చీకట్లో దారం ఎక్కించింది. ఆ రెండూ కలిపి బాబాయి గోడౌన్లలో మూడింతల ధరకు ఎనిమిది బస్తాలు కొన్నాడు. మైకులో తన నోటితో చెప్పిన ధర ఉంది కదా, వదినకు ఆ ధరకే ఇవ్వాలని ఆయన పట్టుదల.

సోమవారం పొద్దున సరుకు దిగింది. పెద్దమ్మ కబురందగానే వచ్చింది, మైకు ధర లెక్కపెట్టి చేతిలో పెట్టింది. ఆరుగురు ఆడవాళ్లూ కొంగులు బిగించి నాలుగు బస్తాలు బండి మీదికి ఎత్తారు. ఐదోది ఎత్తుతుండగా డిప్యూటీగారి జీపు ఆగింది.

"ఇదేం పని బాబాయిగారూ? తలమీద అంత బోర్డు పెట్టుకుని లోపల సరుకు పెడతారా? ఆదర్శ కేంద్రంలో స్టాకుంటే నేరం."

"నేను డబ్బిచ్చి కొనుక్కున్నాను బాబూ," అంది పెద్దమ్మ. "ఎక్కువా కాదు, తక్కువా కాదు. మీ మంత్రి చెప్పిన ధరే."

"అక్కడే వచ్చింది చిక్కంతా. ఆ ధరకు ఒక్కరు నిజంగా కొన్నారని తెలిస్తే అందరూ కొంటామంటారు."

ఎనిమిది బస్తాలూ జీపు వెనకాల కట్టిన ట్రాలీలోకి ఎక్కించారు. బాబాయి వదిన డబ్బు వదినకు ఇచ్చేశాడు. సరుకు మళ్లీ ఎప్పుడిస్తారని పెద్దమ్మ అడిగింది. బజారు ధర శాఖవారి ధరకు దిగిన మరుక్షణం ఇచ్చేస్తామని డిప్యూటీగారు కాగితం మీద రాసి, స్టాంపు వేసి, రెండు చేతులా అందించారు. అంత మర్యాదస్తులు ఆ శాఖలో ఇంకొకరు లేరు.

నెలాఖరు వచ్చింది, పోయింది. బాబాయి సిగ్గుతో ఆ వైపు వెళ్లలేదు. ఒకటో తారీఖు మధ్యాహ్నం పిన్ని కేకలేస్తే, షట్టరు దించి, నడుచుకుంటూ షెడ్డుకు వెళ్లాడు. కళాయి కింద బూడిద చల్లారిపోయి ఉంది. అచ్చులు బోర్లించి ఉన్నాయి. ఆరుగురిలో ఒక్కతే మిగిలింది, ఆవిడా సంచి సర్దుకుంటోంది. గుమ్మం మీద కూడా 'ఆదర్శ నిలకడ ధరల కేంద్రం' అని కొత్త బోర్డు కొట్టి ఉంది. బోర్లించిన అచ్చు మీద ధరల గుమాస్తా, మోకాలి మీద ఫారం.

"రా మరిదీ, కూర్చో," అంది పెద్దమ్మ. "నన్నూ నీ పక్కన కూర్చోబెట్టారు."

"బట్టల సబ్బు బిళ్ల ఎంత పెద్దమ్మా?" అన్నాడు గుమాస్తా.

"సబ్బెక్కడిది నాయనా?"

"అందుకేగా వచ్చింది. కిందటి నెల ధరే చెప్పండి."

ఆవిడ చెప్పింది. అతను గడిలో రాశాడు.

"నా ఆర్డరు ఎవరికి పోయింది?"

"ఎవరికీ పోలేదు. పాత సబ్బు వారం కిందటే అయిపోయి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతకటం ఆపేశారు. లాండ్రీ ఖర్చు వారంలో సగానికి సగం పడిపోయింది. మా సార్ దానికి గీత గీయిస్తున్నారు. అది నిలకడ కూడా కాదు పెద్దమ్మా, ఏకంగా కిందికే."

గర్వంగానే చెప్పాడు. పెన్ను మూత పెట్టాడు గాని లేవలేదు. బాబాయి వైపోసారి, గుమ్మం వైపోసారి చూసి గొంతు తగ్గించాడు. వాళ్లమ్మ ఆ ఆసుపత్రిలోనే ఉందట, మూడో వార్డులో, పది రోజులుగా. పాత బిళ్ల ఎక్కడైనా ఒకటి పడుందేమో అని అడిగాడు.

పెద్దమ్మ లేచి, గరిట తీసుకుని, కళాయి అడుగున అంటుకున్న సబ్బును గీకింది. చాలాసేపు గీకింది. బిళ్లంత ముద్ద వచ్చింది. పాత గుడ్డలో చుట్టి ఇచ్చింది.

"ఎంతివ్వాలి?" అన్నాడు గుమాస్తా.

పెద్దమ్మ అతని మోకాలి మీద ఉన్న ఫారం వైపు చూసింది. అతనూ చూశాడు. ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. జేబులోంచి డబ్బు తీసి, గడిలో రాసిన ధరకు మూడింతలు లెక్కపెట్టి కళాయి అంచున పెట్టి, చెప్పులు తొడుక్కుని గబగబా వెళ్లిపోయాడు.