స్పాంజి కడగరాదు

మన దగ్గర ఏ కార్యాలయానికైనా సిబ్బంది కంటే ముందు అర్జీదారులు వస్తారు. ఈ ఆచారాన్ని ధిక్కరించిన సంస్థ ఒక్కటే ఉంది: అక్వేరియం. అక్కడ సిబ్బంది చేరి, సీట్లలో కుదురుకుని, పని మొదలుపెట్టాకే చేపలకు ప్రవేశం.

ఈ నియమం మాకు తెలియదు. కొత్తకోటలో కొన్న గాజు తొట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో వనపర్తికి తెచ్చిన సాయంత్రమే అందులో గప్పీ చేపలను వదిలాము. వారం తిరగకముందే అన్నీ తేలాయి. ఆరో తరగతి చదివే మా శ్రీజ ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఇంకొక్కసారి చూస్త. గప్పుడు గూడ సచ్చిపోతే నాకు చేపలే వద్దు," అని తీర్మానించింది.

తర్వాత ఫోన్‌లో వీడియోలు చూసి, ఇంటి నీటి శాఖ కమిషనర్‌గా తనే బాధ్యతలు స్వీకరించింది. ఆమె ఉత్తర్వుల సారాంశం ఇది. చేపల మలం వల్ల, మిగిలిన మేత వల్ల నీళ్లలో అమ్మోనియా అనే విషం పుడుతుంది. దాన్ని విరిచే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లోని స్పాంజిలో కాపురం పెడతాయి. ఒక సెక్షన్ వాళ్లు ఆ విషాన్ని ఇంకో విషంగా మార్చి పక్క సెక్షన్‌కు పంపుతారు. వాళ్లు దాన్ని పెద్దగా హాని చేయనిదిగా మార్చి ఫైలు మూసేస్తారు. (లంచం ప్రస్తావన ఎక్కడా లేదు. అందుకే నాకు మొదట నమ్మకం కుదరలేదు.) ఈ సిబ్బంది డ్యూటీలో చేరడానికి నెల పడుతుంది. అంతవరకు చేపలు ఉండవు. అయినా రోజూ చిటికెడు మేత వేయాలి. అది కుళ్లి వాళ్లకు పని పుట్టించాలి.

పక్కింటి జమ్ములమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏం పిల్లా, చేపలే లేవు గద. మేత ఎవరికేస్తున్నవ్?"

"స్పాంజిల ఉన్నరు పెద్దమ్మా. కండ్లకు కనవడరు."

ఆమె కాసేపు నీళ్లను, మరికాసేపు నన్ను చూసింది. మా ఆయన మహేందర్ వచ్చేదాకా ఆగి, "పిల్లను జర దవాఖానకు తీస్కపో," అని స్వయంగా చెప్పి మరీ వెళ్లింది.

ఇంతవరకు తప్పు నాది కాదు. ఇకముందు అంతా నాదే. మా ఇంటి పరిపాలనా విధానం ఒక్కటే: మురికి కనిపిస్తే కడుగు, కనిపించకపోతే వెతికి కడుగు. స్పాంజి గోధుమరంగుకు తిరిగి, జిగురు పట్టి, నా కళ్ల ముందే ఉంది. చుట్టాలు వస్తారనగా దాన్ని తీసి, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో నానబెట్టి పిండాను. కొత్తదానిలా అయింది. (ఆ తృప్తిని దాచుకోవడం కష్టమైంది.)

"మమ్మీ! కడిగినవా?"

"వాసనొస్తుంటే కడగొద్దా?"

"అందర్నీ మోరీల పోసినవ్!"

మహేందర్ పేపరు దించలేదు. "ఊకో బిడ్డా. పెండ్లైన కొత్తల నా పర్సు గూడ సబ్బుతోని ఉతికింది. పైసలు లోపల్నే ఉండె."

సిబ్బంది మొత్తాన్ని ఒక్క పూటలో తొలగించిన అధికారిగా నాకు గుర్తింపు వచ్చింది. నియామకాలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి నేను శ్రీజకు ఇచ్చిన మాట తప్పలేదు, స్పాంజి ముట్టలేదు. గాజుకు పట్టిన పాకుడునూ అడుగున ఉన్న గులకరాళ్లనూ మాత్రమే నల్లా నీళ్లతో తోమాను. గులకరాళ్లలో కూడా బ్రాంచి ఆఫీసు ఉంటుందని ఉత్తర్వుల్లో లేదు. నల్లా నీళ్లలోని క్లోరిన్‌కు అక్కడి సిబ్బందీ పోయారు.

శ్రీజ తొట్టె ముందు కూర్చుని, "ఇంక వద్దు తియ్ మమ్మీ," అంది. అరిచి ఉంటే బాగుండేది.

అంతలో లింగాలలో మా అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. వెళ్లినదాన్ని రెండు నెలలు దాటినా అక్కడే ఉండిపోయాను. ఫోన్ చేసినప్పుడల్లా "ఇల్లు తుడుస్తున్నరా?" అని అడిగేదాన్ని. "ఆఁ" అని ఇద్దరూ ఒకే గొంతుతో అనేవారు.

తిరిగి వచ్చేసరికి వంటగట్టు మీద టీ మరకలు, సోఫా మీద మడతపెట్టని బట్టలు. స్పాంజి సంగతి రాయడానికి చేయి రావడం లేదు. తొట్టెలో మాత్రం గప్పీలు తోకలు ఊపుతూ తిరుగుతున్నాయి. వచ్చి చాలా రోజులైందట. శ్రీజ చిన్న సీసాలో తొట్టె నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి చూపింది. పసుపురంగు. అంటే విషం లేదు.

"ఏం జేసిన్రు?" అడిగాను.

"ఏం జేయలే మమ్మీ. గంతే."

తండ్రీకూతుళ్లు కూడా కాస్త ఒళ్లు చేసినట్టున్నారు. మా ఇంట్లో ప్రాణులు బతకడానికి కావలసిన పరిస్థితులు ఈ విధంగా శాస్త్రీయంగా నిర్ధారణ అయ్యాయి.

నేను కొంగు దోపుకుని, గుడ్డ తడుపుకుని హాల్లోకి వచ్చాను. చేపలు ఫిల్టర్ వెనక్కి వెళ్లాయి. మహేందర్, శ్రీజ చెప్పులేసుకుని బయటికి వెళ్లారు.