కిటికీ పెట్టేయండి

ఆ రోజు పొద్దున కళ్లద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తన కళ్లజోళ్ల దుకాణం తెరిచేలోపు కొన్ని కవితలు, బేరాలు పల్చబడ్డాక మిగతావి చదివి, ప్రతిదానికీ మనసుకు తోచిన ఒక మాట రాసి, సాయంత్రానికల్లా ఫలితాలు పంపేయాలి. ‘కలాల కోలాహలం’ అని ఫోనులో నడిచే కవితల గ్రూపు ఒకటుంది. అందులో ఏళ్ల తరబడి పోటీలకు రాస్తూ వచ్చినవాణ్ణి ఈసారి ప్రకృతి విభాగానికి న్యాయనిర్ణేతను చేశారు. ఆ కబురు అందినప్పటి నుంచి ఆయన నడకే మారిపోయింది. అద్దాలు తుడిచే గుడ్డను కూడా ఒక రకమైన హుందాతనంతో మడతపెడుతున్నాడు.

ఆయన్ని ఇంత దూరం నడిపించింది ఒక్క వాక్యం. ఆమధ్య వాన మీద ఒక కవిత రాస్తే, పేరు చెప్పని న్యాయనిర్ణేత ఎవరో దాని కింద ఇలా రాశారు: "మీ కవితలో తడి ఉంది. చదివాక కిటికీ దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడ్డాను." ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. తన మాటకు ఎక్కడో ఒక మనిషి కుర్చీలోంచి లేచాడంటే సామాన్యమా. ఆ వాక్యాన్ని అచ్చు వేయించి, పటం కట్టించి, బేరాలవాళ్లు కళ్లజోళ్లు పెట్టుకుని చూసుకునే అద్దం పైన తగిలించాడు. అంతటితో ఊరుకోలేదు. దగ్గరి చూపు పరీక్షకు చేతికిచ్చే అట్ట ఒకటుంటుంది. దాని మీదా ఇదే వేయించాడు. చత్వారం వచ్చిన ప్రతి మనిషీ ఆ కుర్చీలో కూర్చుని, ఆ పొగడ్తను పైకి చదివితేగానీ జోడు చేతికి రాని పరిస్థితి ఏర్పడింది.

ఆ అట్ట చదవనని మొండికేసింది ఒక్కడే, ఆయన బావమరిది. లిఫ్టులు బాగుచేసే మనిషి. మొహమాటం ఎరగడు. వాన కవిత మొత్తం చదివి, "బావా, వాన గురించి రాశావని తెలుస్తోంది గానీ, నువ్వు తడిసినట్టు లేదు," అన్నాడు. అంతే, ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. అప్పటి నుంచి ఒకే గదిలో కూర్చున్నా కబుర్లన్నీ కళ్లద్దాలాయన భార్య మీదుగానే నడవాలి. "మీ తమ్ముణ్ణి ఆ ఫ్యాను కాస్త తగ్గించమను," అని ఈయన అంటే, "తగ్గించాను, చాలా అని అడుగక్కా," అని అతను. మధ్యలో ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పకుండా తన పని తాను చూసుకునేది.

సరే, ఆ పొద్దున షట్టరు ఎత్తగానే ఒక బస్సు డ్రైవరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. డ్రైవరు ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, ఒక కంటికి నల్లబిళ్ల అడ్డం వేసి, రెండో కంటికి అద్దాలు మార్చడం మొదలైంది.

"ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా?"

"అదీ బాలేదు, ఇదీ బాలేదు," అన్నాడు డ్రైవరు.

ఆ కుర్చీలో కూర్చున్న మనిషి అబద్ధం ఆడడు. ఎంత మొహమాటస్తుడైనా, మసకగా ఉంటే మసకగానే ఉందంటాడు. సరైన అద్దం పడ్డప్పుడు ఒక్క క్షణం ఆగి, "బాగుంది," అంటాడు. కళ్లద్దాలాయన వృత్తిలో అంతకు మించిన మాట లేదు.

అప్పుడే ఫోను మోగింది. చేతుల నిండా అద్దాలున్నాయని ఆయన భార్య వచ్చి స్పీకరు నొక్కి వెళ్లింది. అవతల గ్రూపు అధ్యక్షురాలు. 

"జడ్జిగారూ, ఎంతవరకు వచ్చింది?"

"చదువుతున్నానండీ. ఒక్కొక్కటీ రెండుసార్లు చదివితేగానీ..."

"అయ్యో, చదవడమెందుకండీ. మీకు కొత్త కదా, పద్ధతి చెబుతాను వినండి. కుర్రవాళ్లు ఆవేశంగా రాసినవాటికి నిప్పు పెట్టండి. అమ్మ మీద రాసినవాటికి గుండె పెట్టండి. వాన, వెన్నెల, ఒంటరితనం, ఇలాంటివి ఏవి కనబడినా కిటికీ పెట్టేయండి."

"కిటికీ అంటే?"

ఇటు కుర్చీలో డ్రైవరుకి పొద్దుపోవడం లేదు. పక్కనున్న అట్ట తీసుకుని, ఉన్న ఒక్క కంటితో గట్టిగా చదివాడు. "మీ కవితలో తడి ఉంది. చదివాక కిటికీ దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడ్డాను."

"ఆ, అదేనండీ," అంది అధ్యక్షురాలు. "మీ పక్కనున్నాయనకి తెలుసే. ఆయన కూడా మన జడ్జేనా?"

కళ్లద్దాలాయన చేతిలోంచి ఒక అద్దం జారి బల్ల మీద పడింది. "అది... మొదట ఎవరు రాశారండీ?" అని అడిగాడు.

"ఎవరికి తెలుసు. నేను చేరకముందు నుంచీ ఉంది. చాలా మంచి కిటికీ అండీ. ఇంతమందికి పెట్టాం, ఇంతవరకు ఒక్కరూ నొచ్చుకోలేదు."

"అంటే కవిత చదవకుండానే పెట్టేస్తారా?"

"ఇంతమంది రాస్తుంటే చదివేవాళ్లు ఎక్కడ దొరుకుతారండీ," అని నిట్టూర్చి ఆవిడ ఫోను పెట్టేసింది.

కళ్లద్దాలాయనకు ఒళ్లంతా మంటెత్తింది. ఏ మనిషీ లేవలేదు. ఏ కిటికీ లేదు. ఇన్నేళ్లలో వేరేవాళ్ల కవితల కింద ఏం రాశారో ఒక్కసారైనా చూసుంటే తెలిసేదే. ఎవరికీ తట్టని మాటను పట్టుకుని తను మురిసిపోయాడు, పటం కట్టించాడు, కళ్లు కనబడనివాళ్లందరిచేతా చదివించాడు. దానికోసం బావమరిదితో మాట్లాడ్డం మానేశాడు. అన్నిటికంటే అదే మింగుడుపడలేదు. వాడు చెప్పిందే నిజమైతే తన వాన సంగతేమిటి? తను రాసినవాటిలో ఒక్కటైనా ఎవరికైనా తగిలిందా లేదా? ఈ సంగతి ఇవాళ తేల్చుకోవాల్సిందే అనుకుని ఫోను అందుకున్నాడు.

ఇక్కడ ఆయన అలవాటొకటి చెప్పాలి. కుర్రతనంలో టైపు మిషను మీద నేర్చుకున్న చేయి అది. కాగితం అంచు వచ్చిందంటే గంట మోగేది, మీట తోసి కింది లైనుకు వెళ్లాల్సిందే. ఇప్పుడు ఫోనులో అక్షరాలు చత్వారం కొద్దీ పెద్దవి చేసుకున్నాడు. రెండు మాటలు పడేసరికి తెర అంచు వస్తుంది. అంచు రాగానే ఆయన వేలు తనంతట తనే లైను మార్చేస్తుంది. అద్దాలు పంపే కంపెనీకి పెట్టిన ఆర్డరు కూడా ఆ వరసలోనే వెళ్తుంది. అవతలి గుమస్తా ఒకసారి చప్పట్ల బొమ్మ పెట్టాడు కూడా.

ఆ కోపంలోనే ఆయన గ్రూపులో ఇలా కొట్టాడు:

"ఇది అన్యాయం
చదవకుండా
ఎలా మెచ్చారు
నా వానను
మీలో ఒక్కరైనా
చూశారా
దయచేసి
జవాబు చెప్పండి"

పంపి ఊపిరి తీసుకునేలోపే జవాబులు వచ్చాయి. "నా వానను ఒక్కరైనా చూశారా... ఎంత లోతు సార్," అన్నారొకరు. "ఈ వాన వాన కాదు, కవి కన్నీరు," అన్నారు ఇంకొకరు. ఆ కింద చప్పట్లు, పువ్వులు, దండాలు పెట్టే చేతులు బారులు తీరాయి.

"ఏమండీ, ఆయన కన్ను," అంది భార్య. డ్రైవరు ఇంకా నల్లబిళ్లతోనే కూర్చుని ఉన్నాడు.

"ఒక్క నిమిషం," అని కళ్లద్దాలాయన మళ్లీ కొట్టాడు:

"ఇది కవిత కాదు
ఫిర్యాదు
మీ పొగడ్తలు
నాకొద్దు"

"కవిత కాదంటూనే కవిత చెప్పడం మీకే చెల్లింది," అని ఒకరు. "వినయం మూర్తీభవించింది," అని మరొకరు. ఈలోగా ఎవరో ఒకావిడ రెంటినీ కలిపి గద్గద స్వరంతో చదివి, వెనక వేణువు పెట్టి గ్రూపులోకి వదిలింది. "జవాబు చెప్పండి" దగ్గర ఆవిడ నిజంగానే ఏడ్చింది. దుకాణంలో అది మోగుతుంటే డ్రైవరు ఉన్న కంటిని తుడుచుకున్నాడు. అది ఏడుపో, అద్దం బరువో చెప్పడం కష్టం.

ఇక లాభం లేదని కళ్లద్దాలాయన అధ్యక్షురాలికి ఫోను చేశాడు. ఆయన నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది.

"సమయానికి ఆదుకున్నారండీ. ధిక్కార కవితల విభాగానికి ఒక్క ఎంట్రీ రాలేదని నిన్నటి నుంచి తల పట్టుకుని కూర్చున్నాం."

"మేడమ్, నేను మిమ్మల్ని తిడుతున్నాను."

"అదేనండీ, ఎంత సహజంగా వచ్చిందో."

"నేను జడ్జిని. పోటీలో ఎలా ఉంటాను?"

"మీరు ప్రకృతికి కదా జడ్జి. ఇది ధిక్కారం. దానికీ దీనికీ సంబంధం లేదు."

ఆయన ఫోను పెట్టేసి, చిరాకు కొద్దీ గ్రూపులోంచే బయటికి వచ్చేశాడు. ఆయన వెళ్లిపోయినట్టు తెర మీద పడిన గీత కింద, "మౌనంతో ముగించడం అపూర్వం," అని ఎవరో రాశారు. టీ చల్లారేలోపు అధ్యక్షురాలు ఆయన్ని తిరిగి లోపలికి లాగింది. బహుమతి ప్రకటించేదాకా కవులు ఎటూ కదలకూడదని నియమం ఉందట.

"నా కన్ను సంగతి కూడా ప్రకటిస్తే బస్సు తీసుకోవాలి," అన్నాడు డ్రైవరు.

కళ్లద్దాలాయన పళ్లు నూరుకుంటూ లేచి, అద్దం మార్చాడు. ఇంకొకటి మార్చాడు. డ్రైవరు ఒక్క క్షణం ఆగి, "బాగుంది," అన్నాడు. పొద్దుటి నుంచి ఆ దుకాణంలో వినబడిన నిజమైన మాట అదొక్కటే.

మధ్యాహ్నం దాటాక ఫలితం వచ్చింది. రంగుల అంచుల సర్టిఫికెట్టు. ధిక్కార విభాగంలో ప్రథమ బహుమతి. శీర్షిక, ‘ఇది కవిత కాదు’. దాని కింద న్యాయనిర్ణేత అభిప్రాయం: "మీ కవితలో తడి ఉంది. చదివాక కిటికీ దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడ్డాను."

"ధిక్కారానికి నిప్పు కదా పెట్టాలి," అంది భార్య, సర్టిఫికెట్టు చూసి.

"వాన అన్న మాట కనబడింది. కిటికీ పెట్టేశారు," అన్నాడు కళ్లద్దాలాయన. అరవడానికి కూడా ఓపిక మిగల్లేదు. కుర్చీలో కూలబడి పటం వంక చూస్తూ ఉండిపోయాడు.

అలా ఎంతసేపు కూర్చున్నాడో గానీ, తలెత్తేసరికి ఎదురుగా బావమరిది ఉన్నాడు. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా గ్రీజు మరకలు. చేతిలో ఫోను. అక్కే పంపిందని వేరే చెప్పక్కర్లేదు.

"బావా, ఇది నువ్వు రాసిందేనా?" అని అడిగాడు. వాళ్లక్క మీదుగా కాదు, నేరుగా.

"అది కవిత కాదు," అన్నాడు కళ్లద్దాలాయన విసుగ్గా. ఆ మాట పొద్దుటి నుంచి ఎంతమందికి చెప్పాడో.

"ఏదైతేనేం. ఈసారి తడిశావు."

పొగడ్తలో ఊగిపోవడం కళ్లద్దాలాయనకు బాగా తెలుసు గానీ, ఇది ఊపలేదు. నిలబెట్టింది. "ఇంకా?" అన్నాడు.

"దయచేసి అన్నది తీసెయ్. అంత కోపంలో దయ ఎందుకు? మిగతాది ఉండనీ."

"వాన కవితలో ఏం తీసెయ్యాలి?"

"అది వదిలెయ్ బావా," అన్నాడు బావమరిది. ఇద్దరూ నవ్వారు. ఆవిడ లోపలి నుంచి, "ఇకనుంచి ఫ్యాను సంగతి మీరూ మీరూ చూసుకోండి," అంది. బావమరిది జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, స్టూలెక్కి, పటాన్ని దించాడు. గోడ మీద పటం ఉన్నంత మేర తెల్లగా ఉంది.

అక్కాతమ్ముళ్లిద్దరూ టీకి వెళ్లాక కళ్లద్దాలాయన ప్రకృతి విభాగం తెరిచాడు. ఏదేమైనా ఒప్పుకున్న పని. కనీసం తన చేతి మీదుగా ఎవరికీ కిటికీ వెళ్లకూడదని గట్టిగా అనుకున్నాడు. ఒక్కొక్కటీ రెండుసార్లు చదివాడు. చాలావాటిలో వెన్నెల కురిసింది, కోయిల కూసింది, ఆయన కుర్చీలో కదల్లేదు. తోచింది తోచినట్టు రాసుకుంటూ పోయాడు.

ఒకటి మాత్రం చిన్నది. వాన మొదలయ్యే వేళ ఎవరో ఆరేసిన బట్టలు గబగబా తెచ్చి మడతపెడుతుంటారు. ఒక చొక్కా దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఆ చొక్కా ఎవరిదో, దాన్ని ఇంకా ఎందుకు ఉతుకుతున్నారో చెప్పలేదు. అంతే కవిత.

ఆయన మళ్లీ చదివాడు. తర్వాత చూసుకుంటే తను దుకాణం కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో, ఎలా వచ్చాడో తెలియదు. బయట రోడ్డు, ఎదురు మేడ మీద తాడు, తాడు మీద ఎవరివో బట్టలు. టీ తాగి వచ్చిన బావమరిది, "అక్కడేం చేస్తున్నావు బావా?" అంటేగానీ తెలివి రాలేదు.

వచ్చి కూర్చుని, జరిగింది జరిగినట్టు రాద్దామని ఫోను తీశాడు. రాయాల్సిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఎదురుగా అట్ట మీద ఉంది. అదే రాయడానికి లేదు. ఎంతమంది ఎన్నిసార్లు అబద్ధానికి వాడారో, ఇప్పుడు నిజం చెప్పాల్సి వచ్చేసరికి ఆ మాటలో ఏమీ మిగల్లేదు. ఆయనకు మళ్లీ పొద్దుటి కోపమే వచ్చింది, ఈసారి తన పటం కోసం కాదు. ఏదో కొట్టాడు, చెరిపాడు. ఇంకేదో కొట్టాడు, చెరిపాడు. చివరికి ఆ కవితకు మొదటి బహుమతి ఇచ్చి, దాని కింద తనకు తెలిసినవాటిలోకెల్లా పెద్ద మాట రాశాడు.

"బాగుంది."

మర్నాడు పొద్దున్నే, ఫలితాలు పడీ పడగానే, ఆ కవి నుంచి అధ్యక్షురాలికి ఫిర్యాదు వెళ్లింది: "ఇన్నాళ్లూ అందరి కవితలకూ న్యాయనిర్ణేతలు కిటికీ దాకా వెళ్లి నిలబడ్డారు, నా కవితకు ఈయన కనీసం కుర్చీలోంచి కూడా లేవలేదు."