డెన్మార్క్ మీద మా ఊరి ధర్నా

ఆ మంగళవారం పొద్దున మా ఇంట్లో అమ్మ, అవ్వ, బాపు, నేను ఉన్నాం. కుట్టు పూర్తయిన బొంత ఒకటి, సగం కుట్టిన బొంత ఒకటి నడి ఇంట్లో పరిచి ఉన్నాయి. వాటి మీదికి కాళ్లు చాపి, మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో, పార్టీ అంతర్జాతీయ వ్యవహారాల మండల కన్వీనర్ మల్లికార్జున్ గారు కూర్చుని ఉన్నారు. ఆయన అనుచరుడు లింబయ్య ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు.

"ఒక విదేశీ శక్తి మన ఆడబిడ్డ మీదికొచ్చింది. ఇగ ఊకునేది లేదు" అని మల్లికార్జున్ గారు ప్రకటించారు.

సరిగ్గా అప్పుడే కుక్కర్ కూత వేసింది. ప్రకటన పాడైందని లింబయ్య అంటే, ఆయన ఏమాత్రం విసుక్కోకుండా అదే కోపాన్ని మళ్లీ మొదటి నుంచి తెచ్చుకున్నారు. అంతటి ఓర్పు నేను మా స్కూల్లో ఏ సారులోనూ చూడలేదు.

మండలానికి అంతర్జాతీయ వ్యవహారాలేమిటని బోధన్‌లో కొందరు నవ్వారట. నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉంటారు. ఆయన మాత్రం పదవి వచ్చిన రోజే రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు కట్టించి, పని కోసం సిద్ధంగా కూర్చున్నారు. కానీ ఎన్ని నెలలు గడిచినా మా మండలంతో ఏ దేశమూ గొడవ పెట్టుకోలేదు. చివరికి ఆ లోటు మా అమ్మ తీర్చింది.

మా అవ్వ నాగవ్వ పాత చీరలు ఒకదాని మీద ఒకటి పేర్చి బొంతలు కుడుతుంది. నిజామాబాద్‌లో మహిళా సంఘాలకు శిక్షణ ఇచ్చినప్పుడు, ఆ బొంతల ఫొటోలు తీసి విదేశాలవాళ్లు కొనుక్కునే వెబ్‌సైట్‌లో పెట్టడం అమ్మ నేర్చుకుంది. అందులో అమ్మ పేరు మీద ఒక దుకాణం తెరిచారు. మా ఇల్లు తాత పేరు మీద ఉంది. పొలం బాపు పేరు మీద ఉంది. గ్యాస్ కూడా బాపు పేరు మీదే వస్తుంది. అమ్మ పేరు మీద ఉన్నది ఆ దుకాణం ఒక్కటే. రోజూ పడుకునే ముందు ఫోన్ తెరిచి, అక్కడ తన పేరు ఉందో లేదో చూసుకునేది.

ఎవరికైనా బొంత ఇచ్చేటప్పుడు ఉత్తది ఇవ్వకూడదని మా అవ్వ నమ్మకం. చివరి మూల కుట్టేసే ముందు లోపల ఒక పసుపు కొమ్ము పెడుతుంది. మా దగ్గర బొంతను కాలువలో జాడించి గట్టు మీద ఆరేస్తారు కాబట్టి కొమ్ము కొమ్ముగానే ఉంటుంది. డెన్మార్క్‌లో ఇంగ్రిడ్ అనే ఆమె మా బొంతను భర్త తెల్ల చొక్కాలతో కలిపి వేడి నీళ్ల మెషిన్‌లో వేసింది. చొక్కాలన్నీ పెళ్లికొడుకు బట్టల్లా తయారయ్యాయి. ఆమె వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టింది. శనివారం సాయంత్రం ఆరు గంటల లోపల ఇద్దరూ రాజీకి రాకపోతే దుకాణం శాశ్వతంగా మూసేస్తామని వెబ్‌సైట్‌వాళ్లు రాశారు. ఇంగ్లీషులో వచ్చేవి చదివి చెప్పడం నా పని. బాపు ఆ సంగతి హోటల్‌లో చాయ్ తాగుతూ నలుగురికీ చెప్పాడు. అలా వచ్చారు మల్లికార్జున్ గారు.

"తప్పయిందని రాస్తే అయిపోదా అన్నా?" అని అమ్మ అడిగింది.

"తప్పయిందంటే కేసు మన మీదికే మళ్లుతది చెల్లె. ఆమెకు తెల్వదా ఉతికే ముందు మూల ఇప్పి సూడాలెనని? కావాలని జేసింది." ఆయన లింబయ్య వైపు తిరిగారు. "డెన్మార్కుకు మన ఇన్‌ఛార్జి ఎవలు?"

డెన్మార్క్‌కు ఇంకా ఎవరినీ వేయలేదని, దుబాయ్‌లో మాత్రం తన బామ్మర్ది ఉన్నాడని లింబయ్య చెప్పాడు.

"గదీ ఫారినే గద. ఒకపారి ఆమె ఇంటికి పోయి మాట్లాడుమను."

బామ్మర్ది వెంటనే ఒప్పుకున్నాడు. సెలవు దొరికితే వెళ్తానన్నాడు.

వెళ్లే ముందు మల్లికార్జున్ గారు మరో ఉపకారం చేశారు. ఆడవాళ్ల ఫోన్‌కు విదేశాల నుంచి ఏవేవో రావడం మంచిది కాదని, దుకాణం ఖాతాలో అమ్మ నంబర్ తీసేయించి తన నంబర్ పెట్టించారు. ఇక ఏది మార్చాలన్నా, ఏది ఒప్పుకోవాలన్నా ఓటీపీ ఆయన జేబులోకే వస్తుంది. అంత బరువు ఆయన ఒక్కరే మోయడం చూసి బాపు కళ్లు చెమర్చాయి. అమ్మ మాత్రం తన ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

బుధవారం ఇంగ్రిడ్‌కు జవాబు వెళ్లింది. దాన్ని ఆయన వినతిపత్రం పద్ధతిలో రాయించారు. మండల మహిళల ఆత్మగౌరవంపై డెన్మార్క్ దాడి గురించి అని విషయం, తగు చర్య నిమిత్తం అని ముగింపు. ప్రతులు కలెక్టరుకు, ఎమ్మెల్యేకు, చక్కెర శాఖకు. చక్కెర శాఖ ఎందుకని నేను అడగలేదు. నేను మామూలుగానే ఎక్కువ అడగను. లింబయ్యే చెప్పాడు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గొడవ మొదలైనప్పటి నుంచి, ఇరవై ఏళ్లుగా అన్న ఏ వినతిపత్రం రాసినా చక్కెర శాఖకు ఒక ప్రతి పంపుతాడని.

గురువారం బోధన్ బస్టాండ్ ముందు ధర్నా. దిష్టిబొమ్మ తగలబెట్టాలంటే ముందు ఇంగ్రిడ్ ఎలా ఉంటుందో తెలియాలి. ఎవరికీ తెలియదు. ఫారిన్ ఆమె అన్నాక గౌను ఉండాలని లింబయ్య గుర్తు చేశాడు. గౌను కోసం వెతుకుతుంటే పార్శిల్ కట్టడానికి సిద్ధంగా పెట్టిన కొత్త బొంత కనిపించింది. దాన్నే గడ్డిబొమ్మకు చుట్టి, నడుం దగ్గర తాడు కట్టారు. చూడటానికి చాలా బాగుంది. కాల్చక ముందే ఫొటో తీసి, మనవాళ్లు ఎంత కోపంగా ఉన్నారో తెలియాలని ఇంగ్రిడ్‌కు పంపించారు.

అవ్వ ఆ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, కుట్లు తడిమి చూసింది.

"కాలవెట్టేటందుకైతే చిరిగిన చీర ఇద్దును గద కొడుకా. వానకాలం పోయినకాంచి కుట్టిన గిది."

"త్యాగమవ్వా" అన్నారు మల్లికార్జున్ గారు.

"గట్లనా. నీ అంగీ ఇప్పియ్యి మరి. దానికి రవికె లేదు."

బొంత తొందరగా అంటుకోలేదు. మా అవ్వ కుట్టు అంత దట్టంగా ఉంటుంది. పెట్రోల్ రెండోసారి తెప్పించాల్సి వచ్చింది. డెన్మార్క్ మొండితనానికి ఇదే నిదర్శనమని ఆయన మైకులో చెప్పారు. నిజామాబాద్ బస్సు కోసం నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయారు.

శుక్రవారం జిల్లా పేజీలో ఫొటో పడింది. అది చూసి పార్టీ జిల్లా అధ్యక్షుడు స్వయంగా ఫోన్ చేశారు. దుకాణం పోగొట్టుకున్న మహిళను శనివారం వచ్చి పరామర్శిస్తానని, మల్లికార్జున్‌కు జిల్లా పదవి గురించి కూడా అప్పుడే మాట్లాడతానని అన్నారు. ఇంకా పోలేదు కదా అని అమ్మ అంది. అందుకే పరామర్శ ఆరున్నరకు పెట్టుకున్నామని లింబయ్య చెప్పాడు.

శనివారం మధ్యాహ్నానికి నడి ఇంట్లోంచి బొంతలు, కుట్టు మిషన్, బియ్యం డబ్బా అన్నీ బయట పెట్టి షామియానా కుర్చీలు వేశారు. విలేకరులు వచ్చారు. అమ్మను మధ్యలో కూర్చోబెట్టారు. తల వంచుకోవాలని, నవ్వకూడదని చెప్పారు. అమ్మకు నవ్వు రావడం లేదు కాబట్టి అది తేలికగానే కుదిరింది. కాసేపటికోసారి తలెత్తి, గుమ్మం దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

ఐదు దాటాక ఇంగ్రిడ్ దగ్గర నుంచి సందేశం వచ్చింది.

బొంతను, చొక్కాలను కిటికీకి వేలాడదీస్తే ఎండకు పసుపంతా పోయిందట. తొందరపడి ఫిర్యాదు చేసినందుకు సిగ్గుగా ఉందట. మేము పంపిన పొడవాటి ఉత్తరం తనకు అర్థం కాలేదు గానీ మేమెంత బాధపడ్డామో తెలిసిందట. ఫొటోలో మా ఊరి పండుగ చాలా అందంగా ఉందట. ఆ బొమ్మ కట్టుకున్నటువంటి బొంత తనకు ఇంకొకటి కావాలట. రాజీకి తను ఒప్పుకుందని, మేము కూడా ఒప్పుకుంటే దుకాణానికి ఏమీ కాదని రాసింది.

నేను రెండుసార్లు చదివి, ఒప్పుకుంటున్నాం అన్న చోట నొక్కాను. ఓటీపీ అడిగింది.

లోపల అంతమంది మగవాళ్ల మధ్యకు వెళ్లడం నాకు చేతకాని పని. అయినా వెళ్లి, మల్లికార్జున్ గారి కుర్చీ పక్కన నిలబడి, ఫోన్ ఆయన ముందు పెట్టాను. ఆయన చదివారు. లింబయ్య చేత చెవిలో తెలుగులో చెప్పించుకున్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, నెమ్మదిగా గుమ్మం బయటికి దాటించారు.

"ఎవలకన్న జెప్పినవా బిడ్డా?"

"లేదన్నా. మీ ఫోన్‌కు నంబర్ వచ్చింటది. గది చెప్తే చాలు."

"చెప్తా. ఆరు దాటనియ్యి."

"ఆరు దాటితే అమ్మ దుకాణం పోతదన్నా."

ఆయన నా వైపు ఎంతో ఆప్యాయంగా చూశారు. చిన్నపిల్లలకు లోకం తెలియదన్న జాలి ఆ చూపులో ఉంది.

"పోతేనే గద బిడ్డా, అధ్యక్షులవారు అచ్చేది."

ఆయన వెనకాల అమ్మ తల ఎత్తింది. ఏమైందని కళ్లతోనే నన్ను అడిగింది. నేను చెప్పబోయాను. ఓటీపీ అప్పుడొచ్చినట్టుంది, ఆయన జేబులో ఫోన్ టింగుమంది.

మా నడి ఇంటి తలుపు ఏళ్ల తరబడి ఎవరూ వేయక ఒక పక్కకు ఒరిగిపోయింది, కదలదు. మల్లికార్జున్ గారు ఎవరి సాయమూ అడగలేదు. ఒక్కరే భుజం ఆనించి, నెట్టి, నా మొహం మీద దాన్ని పూర్తిగా వేశారు.