కనకవ్వ వచ్చి చెప్పిన జవాబు

కార్పొరేటర్ కావాలని నేను పిలిచిన పెళ్లికీ పిలవని పెళ్లికీ వెళ్లి వడ్డించాను. ముఖం తెలియనివాళ్ల పాడె కూడా మోశాను. తీరా ఎన్నికలొచ్చేసరికి కరీంనగర్‌లో మా డివిజన్ ఆడవాళ్లకు రిజర్వైంది. మీరైతే ఏడ్చేవారు. నేను మా ఆవిడ మహేశ్వరి వైపు చూశాను.

"నువ్వు పోటీల నిలవడు. సంతకం పెట్టు చాలు, మిగతాదంత నేను చూస్కుంట," అన్నాను.

"అంటె సీటు నాది, నోరు నీదా?" అంది పప్పులో తాలింపు వేస్తూ.

"రాజకీయం అంటె ఎదుటోన్ని తిట్టాలె. నీకు తిట్టస్తదా?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "లగ్గమైన కాడి నుంచి గదే పని మీదున్న గద!"

మా పార్టీ పెద్ద ప్రేమ్‌సాగరన్న. ఊళ్లో ఆయన్ని మైకు ప్రేమ్‌సాగర్ అంటారు. ఆయన స్టేజీ ఎక్కితే తల్లులు పిల్లల చెవులు మూస్తారు, టీవీవాళ్లు కెమెరాలు తెరుస్తారు. ప్రచారంలో మురుగు పారని మా మోరీల సంగతి మాట్లాడతానని ఆయనకు చెప్పాను.

"మోరీల ఏమున్నది తమ్మీ? బురద. దాన్ని తీసి ఎదుటోని మీద చల్లాలె. సాఫ్ చేస్తనంటే ఎవడింటడు?" అన్నాడు.

అవతలి అభ్యర్థి పక్క సందులో ఉండే స్వరూప. ఆమె పోస్టర్ మీద ఆమెకంటే మొగుడు కరుణాకర్ ఫొటో పెద్దది. ఛీ, ఏం మగాళ్లండీ! మా పోస్టర్ మీద నా ఫొటో అంతకంటే కొంచెమే పెద్దది.

మొదలుపెట్టింది కరుణాకరే. "నిరంజన్ పొట్ట తప్ప డివిజన్‌ల ఏం పెరగలే" అని వాళ్ల ప్రచార ఆటో మా గుమ్మం ముందే అరిచింది. "కరుణాకర్ నెత్తి మీద ఎంట్రుకలే నిలువలే, ఓట్లేం నిలుస్తయి?" అని నేను మా ఆటో పంపాను. అతను నన్ను కుక్క అన్నాడు. నేను పంది అన్నాను. వారం తిరక్కుండా అడవిలో జంతువులన్నీ అయిపోయాయి.

మా పోరు ఇలా సాగుతుంటే ఆ ఇద్దరు ఆడవాళ్లు ఓట్లడగడానికి వెళ్లి ఒకే ఇంట్లో ఎదురుపడి, ఒకరి చీర ఒకరు మెచ్చుకుని, కలిసి చాయ్ తాగారట. పార్టీ పరువు ఏం కావాలి?

"జంతువులైపోయినయన్నా, ఇగ ఏమనాలె?" అని ప్రేమ్‌సాగరన్నను అడిగాను.

"ఇగ ఇంట్ల జొరవడు. అవ్వ, అయ్య, అందర్ని గుంజు," అన్నాడు. ఈయనే అవతలి పార్టీ పెద్దను సభలో తల్లితో కలిపి తిట్టి, మర్నాడు వాళ్లింటి పెళ్లిలో పక్కపక్కనే కూర్చుని మటన్ బొక్కలు చీకే రకం. తలలు పగలగొట్టుకునేది మాత్రం మాలాంటి వెధవలం.

నేను గొంతు సవరించుకుని రికార్డు చేశాను. "కరుణాకర్ తండ్రెవరో చెప్పాలె! ఆయనకు తెల్వకపోతే వాళ్లవ్వ చెప్పాలె!" మా ఆటో నడిపే రాయమల్లు దాన్ని పొద్దుటి నుంచీ సందు సందూ తిప్పాడు.

మధ్యాహ్నం మహేశ్వరి ఓట్లడిగి ఇంటికొచ్చింది. చెప్పులు విడవలేదు.

"కనకవ్వ పెద్దమ్మను గంత మాటంటవా?"

"ఆమెను నేనెందుకంట? ఆమె కొడుకునన్న. రాజకీయంల గిట్లనే ఉంటది. ఎవ్వరు మనసుల పెట్టుకోరు."

"గట్లనా," అని మళ్లీ బయటికి వెళ్లింది. అరవలేదు. మా ఇంట్లో అరుపు వినపడకపోతే నాకు భయం.

కాసేపటికి కనకవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వెనక సగం బస్తీ ఉంది. నేను లుంగీ బిగించుకున్నాను.

"కూసో పెద్దమ్మా," అన్నాను.

"కూసునేతందుకు రాలే కొడుకా. నన్నేదో అడిగినవంట. అడిగినంక చెప్పాలె గద, చెప్పేతందుకే అచ్చిన. అడుగు."

"నేనేం అడగలే పెద్దమ్మా, ఎవలో..."

సరిగ్గా అప్పుడే రాయమల్లు ఆటో సందు తిరిగింది. "వాళ్లవ్వ చెప్పాలె!" అని నా గొంతే అరుస్తోంది. ఆపమని చేతులూపాను. మెచ్చుకుంటున్నాననుకుని రాయమల్లు సౌండ్ పెంచాడు.

ఆటోను మహేశ్వరే ఆపించింది. "మైకుల అడిగినోనివి, మూతితోని అడుగు," అంది నాతో.

తల వంచుకుని లుంగీ ముడి మళ్లీ బిగించుకున్నాను. చిన్నప్పుడు నాకు సర్వపిండి పెట్టిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"అడగకున్నా చెప్త," అంది కనకవ్వ. "కరుణాకర్ తండ్రి మా ఇంటాయన అంతయ్య. నువ్వు పోరనివున్నప్పుడు కాలువల మునుగుతుంటె జుట్టు వట్టి గుంజిండు సూడు, గాయినే. గా దినం జర ఆలిశం చేస్తే ఊరికి గీ మైకు బాధ తప్పేది."

బస్తీ అంతా గొల్లుమంది. రాయమల్లు హ్యాండిల్ మీద పడి నవ్వాడు. కనకవ్వ నవ్వలేదు. "ఆయన పోయి ఏడాది నిండలే కొడుకా," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. రాయమల్లు ఆటో దిగి నిలబడ్డాడు.

మహేశ్వరి ఆటోలో మైకు అందుకుంది. "గా మాట మా ఇంట్లకెళ్లి వచ్చింది. తప్పు మాది. ఇగ నా తరఫున నేనే మాట్లాడుత. గెలిపిస్తే మోరీలు తీపిస్త. తీపియ్యకపోతే నన్ను తిట్టుండ్రి. మా అవ్వనెవ్వరు తిట్టకుండ్రి."

సాయంత్రం ప్రేమ్‌సాగరన్న ఫోన్ చేశాడు. "తప్పయిందని మైకుల చెప్తరా? పార్టీ ఇజ్జత్ తీసిండ్రు!" అని మండిపడ్డాడు. మహేశ్వరి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అన్నా, మీ అవ్వ నంబరిస్తరా? మీ గురించి ఒక మాట అడిగేదున్నది."

ఫోన్ కట్టయింది. పోలింగ్ అయ్యేదాకా ఆయన మా బస్తీ వైపు తొంగి చూడలేదు.

మహేశ్వరి గెలిచింది. స్వరూప వచ్చి కౌగిలించుకుని, వాళ్ల సందులో లైటు వెలగట్లేదని మొదటి ఫిర్యాదు కూడా చేసి వెళ్లింది. అయితేనేం, కార్పొరేటర్ భర్తను నేనే కదా! మర్నాడు పొద్దున్నే గంజి పెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని వరండాలో కుర్చీ వేసుకున్నాను. వెనక వీధి హనుమండ్లు నల్లా నీళ్ల బాధ చెప్పుకోవడానికి వచ్చాడు.

"మేడం ఉన్నదా అన్నా?"

"నాకు చెప్పు తమ్మీ, నేను చూస్కుంట."

హనుమండ్లు ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దన్నా. నీతోని మాట్లాడాలంటే అవ్వను తోలుకరావాలంటుండ్రు బస్తీల. మా అవ్వకు మోకాళ్ల నొప్పులు."

లోపలి నుంచి మహేశ్వరి గొంతు వినిపించింది. "ఆయనను కూసోమను. నువ్వు లేచి రెండు చాయ్‌లు పెట్టు."

లేచాను. ఒకటి హనుమండ్లుకు, ఒకటి కార్పొరేటర్‌కు.