బేత్లెహేముకి లైన్ క్లియర్

ఆ రోజుల్లో అమీర్‌పేటలో రెండు గదుల వాటాలో కాపురమంటే ఒక్కో వస్తువు మూడు ఉద్యోగాలు చేసేది. విజయరత్నం ఇంట్లో హాల్లో ఉన్న టేబులూ అంతే. పొద్దున భోజనాల బల్ల, మధ్యాహ్నం జీవమణి బట్టలు కత్తిరించుకునే బల్ల, సాయంత్రం ఆయన రేడియో పక్కన పెట్టుకుని కాళ్ళు చాపుకునే బల్ల. ఆయనకి ఆ సాయంత్రపు వాటా చాలడం లేదు. టేబులు మొత్తం కావాలి, అదీ శాశ్వతంగా.

ఎందుకంటే పక్కవాటా హాషం భాయ్ దుబాయి నుంచి రైలింజను తెచ్చాడు.

హాషం అక్కడ కరెంటు పని చేస్తాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా అందరికీ సెంటు సీసాలు పంచేవాడు, ఈసారి విజయరత్నం చేతిలో మాత్రం ఒక అట్టపెట్టె పెట్టాడు. "రత్నం భాయ్, నువ్వు ఎప్పుడు జూడు రైలు ముచ్చటే చెప్తవు. గందుకే తెచ్చిన" అన్నాడు. పెట్టెలో కాకరకాయంత నల్ల ఇంజను, రెండు రైలు డబ్బాలు, పట్టాలు, ప్లగ్గులో పెట్టే ట్రాన్స్‌ఫార్మరు ఉన్నాయి. లక్డీకాపూల్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా పేరున్న మనిషి, ఆ ఇంజన్ని తువ్వాలులో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు ఇంట్లోకి తెచ్చాడు.

రైలు ముచ్చటకి కారణం ఉంది. ఆయన తండ్రి శాంతిరాజు గుట్టకిందిపల్లి స్టేషన్లో పాయింట్స్‌మన్. పట్టాలు మార్చడం, సిగ్నలు దీపాల్లో కిరసనాయిలు పోయడం, జెండా ఊపడం. విజయరత్నం ఆ స్టేషన్ క్వార్టరులోనే పుట్టి, అక్కడి నుంచే వెళ్ళి డిగ్రీ పాసయ్యాడు. ఆ వంశంలో డిగ్రీ అనే మాట పలికింది ఆయనే మొదలు. తండ్రి పోయి చాలా కాలమైంది. నిరుడు స్టేషన్ కూడా మూసేశారు. పెంకులు, కిటికీలు, ఆఖరికి ప్లాట్‌ఫారం చప్టా రాళ్ళు కూడా ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకుపోయారు. ఇప్పుడు గుట్టకిందిపల్లి స్టేషన్ ఉన్నది ఒక్క విజయరత్నం తలకాయలోనే. తలమీద జుట్టు రాలుతున్న వేగం చూస్తే లోపలున్న స్టేషనూ ఎన్నాళ్ళుంటుందో అని ఆయన బెంగ.

అందుకని, మరిచిపోకముందే దాన్ని టేబులు మీద మళ్ళీ కట్టాలి. పిల్లల బొమ్మలా కాదు. ఎనభై ఏడింట ఒక వంతు కొలతలో, పెంకుకి పెంకు, మేకుకి మేకు.

జీవమణిని సూటిగా అడగవచ్చు. కానీ ఆమె ఆ ఏడు చర్చి గాయక బృందానికి తెల్ల అంగీలు, ఆకుపచ్చ పట్టీలు కుట్టడానికి ఒప్పుకుంది. ఆమెది తెనాలి వైపు. మాట మెత్తగా ఉంటుంది, అర్థం అంత మెత్తగా ఉండదు.

పంజాగుట్ట చర్చిలో ఆరాధన ముగించుకుని నడిచొస్తుంటే విజయరత్నం గొంతు సవరించుకున్నాడు.

"ఈసారి క్రిస్మస్‌కి మనింట్లో బాలయేసు పశువుల పాక పెడదాం జీవమణీ. మామూలు పాక కాదు. బేత్లెహేము మొత్తం."

"మొత్తమా?"

"కొండలు, ఇండ్లు, గొర్రెలు, కాపరులు, అన్నీ."

"మరి టేబులో?"

"దేవుని పనికి టేబులు అడ్డమా?"

జీవమణి చెంగు సర్దుకుని ఆయన మొహంలోకి చూసింది. "దేవుని పనైతే నేనెందుకు అడ్డమొస్తానండీ. కుట్టుపని చాప మీద చేసుకుంటాను" అంది.

ఇంత సులువుగా ఒప్పుకుందేమిటా అని ఆయన అప్పుడే అనుమానించాల్సింది. డిగ్రీలో అర్థశాస్త్రం చదివాడు గాని ఈ శాస్త్రం చదవలేదు.

పంజాగుట్ట వడ్రంగి రాజనర్సయ్య టేబులంత ప్లైవుడ్ పలక తెచ్చి బిగించి పోయాడు. గోడవైపు అంచుకి ఇత్తడి మడత బందులున్నాయి. "ఇవెందుకు?" అని విజయరత్నం అడిగితే, రాజనర్సయ్య బీడీ చెవిలో దోపుకుంటూ "ఉండనీ సార్, పనికొస్తయ్" అన్నాడు. మంచి పనివాడు, అడక్కుండానే పెట్టాడనుకున్నాడు ఈయన.

అప్పటి నుంచి ఇల్లంతా ఎనభై ఏడుతో భాగహారమే.

"ఎవర్నండీ అలా భాగిస్తున్నారు?"

"నీళ్ళ ట్యాంకుని."

"బేత్లెహేములో నీళ్ళ ట్యాంకుందా?"

"ఊరన్నంక నీళ్ళు వద్దా?"

"సరే. అట్టు మామూలు కొలతలో వెయ్యనా, మీ కొలతలో వెయ్యనా?"

దుబాయి పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ స్లీపర్లు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయని ఆయన ఊడబీకేశాడు. వాటి బదులు చెక్కవి కావాలి. పుల్ల ఐసు పుల్లల్ని నిలువునా చీలిస్తే సరిగ్గా సరిపోతాయని తేలింది. ఆఫీసు నుంచి వస్తూ అమీర్‌పేట చౌరస్తాలో దిగి పుల్ల ఐసు తినడం, పుల్ల జేబులో వేసుకోవడం. చలికాలంలో ఆయన గొంతు పూర్తిగా పూడుకుపోయింది. జీవమణి మిరియాల పాలు ఇస్తూ "గొర్రెల కాపరులకి కూడా ఇంత చలి తగల్లేదండీ" అంది.

పెళ్ళి శుభలేఖల అట్టతో స్టేషన్ గోడలు లేచాయి. ఎండబెట్టిన టీ పొడి నేలయింది. కొబ్బరి పీచు ఆకుపచ్చ రంగులో మునిగి చింతచెట్టయింది. ఇంట్లో చీపురు రోజురోజుకీ సన్నబడి, చివరికి నాలుగు పుల్లలతో ఊడ్వడం కన్నా చేత్తో ఏరుకోవడం నయమనిపించింది. పోయిన పుల్లలన్నీ ప్లాట్‌ఫారం కంచెలో నిలబడి ఉన్నాయి.

ఒకరోజు జీవమణి చేతిలో చాటతో బల్ల దగ్గర ఆగింది.

"ఆ స్తంభం ఏంటండీ?"

"అది... నక్షత్రం పెట్టనీకి."

"దానికి చెయ్యెందుకుంది?"

"దారి చూపాలె గద."

"ఎర్రరంగెందుకు?"

"జ్ఞానులకు దూరం నుంచి కనబడాలె."

"ఈ పట్టాలో?"

విజయరత్నం కాసేపు చింతచెట్టు సర్దాడు. "జ్ఞానులు తూర్పు నుంచి రావాలె. ఒంటెల మీదైతే మస్తు టైము పడ్తది."

"పాపం. రిజర్వేషన్ దొరికిందా వాళ్ళకి?" అని ఆమె చాట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గట్టెక్కాననుకున్నాడాయన.

ఇక మిగిలింది పట్టాల మధ్య కంకర. ఇసుక వేసి చూస్తే ఆ కొలతకి బండరాళ్ళలా ఉంది. విజయరత్నం వంటింటి డబ్బాలన్నీ మూతలు తీసి పరీక్షించాడు. ఆవాలు గుండ్రం, గసగసాలు నలుసు. బొంబాయి రవ్వ మాత్రం పలుకు పలుకునా కంకరే. జీవమణి చర్చిలో ఉన్న సాయంత్రం డబ్బా మొత్తం ఒంపి, కుంపటి బూడిదలో కలిపి, తెల్లజిగురుతో పట్టాల పొడుగునా పరిచాడు. దూరం నుంచి చూస్తే గుట్టకిందిపల్లి లైనే. నాయిన చేతిదీపం పట్టుకుని నడిచిన లైను.

మర్నాడు ఉప్మా చేద్దామని జీవమణి డబ్బా తెరిచింది. ఖాళీ డబ్బా చూసింది, బల్ల వైపు చూసింది, అటుకులు తాలింపు వేసింది.

ఇదిలా ఉండగా చర్చి పాస్టరుగారి భార్య, స్త్రీల సమాజానికి పెద్ద అయిన మగ్దలీనమ్మగారు ఆదివారం ప్రకటనల్లో ఒకటి కలిపేసింది. పండుగ ముందు గృహ ప్రార్థన కూడిక విజయరత్నం గారింట్లో, వారు బేత్లెహేము పట్టణమంతా స్వహస్తాలతో కట్టారు, అందరూ వచ్చి చూడాలి.

బెంచీలో పక్కనున్న జీవమణిని చూశాడు విజయరత్నం. ఆమె పాటల పుస్తకంలో పేజీ వెతుక్కుంటోంది.

కూడిక రోజు మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టి, స్టేషన్ని బేత్లెహేము చేసే పనిలో పడ్డాడు. ప్రయాణికుల రేకుల షెడ్డులో గడ్డి పరిచి తొట్టె పెట్టాడు. దూది గొర్రెల్ని పట్టాల మీద మేతకి వదిలాడు. మట్టితో చేసిన ముగ్గురు జ్ఞానుల్ని ప్లాట్‌ఫారం చివర నిలబెట్టాడు. స్టేషన్ పేరు పలక మీద 'బేత్లెహేము' అని రాసిన కాగితం అంటించాడు. మిగిలిన నీళ్ళ ట్యాంకు, సిగ్నలు, ఇంజను అన్నిటి మీదా తెల్ల దుప్పటి కప్పి, అది మంచు కొండ అని చెప్పాలనుకున్నాడు.

చూడ్డానికొచ్చిన హాషం వంగి పట్టాల దగ్గర కళ్ళు పెట్టాడు.

"రత్నం భాయ్, గీ కంకర నడుస్తుంది."

"నడుసుడేంది?"

"నువ్వే జూడు."

నిజమే. కంకర బారులు తీరి, క్రమశిక్షణగా, ఔటర్ సిగ్నలు దాటి టేబులు కాలు మీదుగా కిందికి దిగుతోంది. ఒక్కో పలుకు కింద ఒక్కో చీమ.

ఇద్దరూ పరుగెత్తి నాలుగు గిన్నెల్లో నీళ్ళు తెచ్చి టేబులు కాళ్ళ కింద పెట్టారు. దాంతో బయటి చీమలు లోపలికి రావడం ఆగింది, లోపలి చీమలు బయటికి పోవడమూ ఆగింది. అవి దుప్పటి కొండ మీద గుమిగూడి ఆలోచనలో పడ్డాయి. ఇంతలో హాషం "ఇంజను ఒకసారి నడిపి చూద్దమా" అని ట్రాన్స్‌ఫార్మరు పిడి తిప్పాడు. తిప్పడమూ కరెంటు పోవడమూ ఒకేసారి జరిగాయి. అదే సమయానికి గుమ్మంలో "వందనాలు" అని వినబడింది. పిడి వెనక్కి తిప్పాలన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

స్త్రీల సమాజం చాపలు నింపేసింది. మగ్దలీనమ్మగారు కొవ్వొత్తి వెలుగులో గొర్రెల్ని చూసి "ఎంత జీవకళ" అంది. తర్వాత అందరూ కళ్ళు మూసుకోగానే ప్రార్థన ఎత్తుకుంది. ఆమె ప్రార్థనలో ఊరూ, వాడా, రోగులూ, ప్రయాణికులూ అందరూ ఉంటారు. సరిగ్గా ప్రయాణికుల దగ్గరికి వచ్చేసరికి కరెంటు వచ్చింది.

ఫ్యాను తిరిగింది. దుప్పటి కింద ఏదో గురగురమంది. మంచుకొండ కదిలింది. కొండని నెత్తిన వేసుకుని ఇంజను బయటికొచ్చి, గొర్రెల మందని ముందుకు తోసుకుంటూ, మలుపులో ముగ్గురు జ్ఞానుల్నీ ఎక్కించుకుని, షెడ్డు ముందు నుంచి ఆగకుండా వెళ్ళిపోయింది. దుప్పటి జారి మగ్దలీనమ్మగారి ఒళ్ళో పడింది, చీమలతో సహా. ఫ్యానుగాలికి కాగితం ఎగిరిపోయి, పసుపు పలక మీద మూడు భాషల్లో నల్లగా 'గుట్టకిందిపల్లి' అని తేలింది.

విజయరత్నం ప్లగ్గు పీకాడు. స్త్రీల సమాజం లేచి చీమలు దులుపుకుంది.

"బ్రదర్, ఇది ఏ సువార్తలో ఉంది?" అంది మగ్దలీనమ్మగారు.

ఆయన నోరు తెరిచేలోగా జీవమణి అందుకుంది. "పండుగ పాకే కదండీ అమ్మగారూ. కొత్త సంవత్సరం రాగానే తీసేస్తారు. పాకని ఎవరింట్లోనైనా ఎంతకాలం ఉంచుతారు?"

"అవునవును. తీసేసి ఆ కొండలూ చెట్లూ మన సండే స్కూలుకి ఇచ్చేయండి. పిల్లలు ఆడుకుంటారు."

శాశ్వతంగా కావాలనుకున్న టేబులుకి విజయరత్నం తన నోటితోనే గడువు పెట్టుకున్నాడు. అది పాక అంటే పిల్లల పాలు. కాదంటే ఇంతమంది ముందు పరువు నవ్వుల పాలు. ఆయన నీళ్ళ ట్యాంకు వైపు చూశాడు. దాని కాళ్ళ దగ్గర నాయిన స్నానం చేసిన రాయి కూడా ఉంది, ఎనభై ఏడో వంతులో.

"తియ్యరాదమ్మా" అన్నాడు. "అది బేత్లెహేము కాదు. మా నాయిన స్టేషను. గిప్పుడు గాడ ఒక్క పెంకు సుత లేదు. ఇగ గిదొక్కటే ఉన్నది."

వంగి, ఇంజను మీదున్న జ్ఞానుల్ని ఒక్కొక్కర్నే దించి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాడు. చాపల మీద ఎవరో ముక్కు చీదారు. మగ్దలీనమ్మగారు ఒళ్ళోని దుప్పటి నిదానంగా మడిచింది. "ఈ ఇంజనుకి కూత ఉందా బ్రదర్?" అని అడిగింది.

జీవమణి మాత్రం కదల్లేదు. "ఈ ముక్క నవంబరులోనే చెబితే రవ్వైనా మిగిలేది కదండీ" అంది.

"నీకు తెలుసా?"

"చెయ్యి ఉన్న నక్షత్రం దాకా ఎందుకండీ, తువ్వాలులో ఇంజను వచ్చినప్పుడే తెలిసింది. మొదటిరోజే రాజనర్సయ్యతో బందులు వేయించాను."

మర్నాడు రాజనర్సయ్య వచ్చి గోడకి రెండు కొక్కేలు కొట్టాడు. పలక పైకెత్తి గోడకి తగిలిస్తే గుట్టకిందిపల్లి నిలువుగా లేచి నిలబడింది, కింద టేబులు ఖాళీ అయింది. ఆ టేబులు మీద జీవమణి వెంటనే తెల్ల గుడ్డ పరిచింది.

"ఆదివారం ఆరాధన అయ్యాక దించుకోండి. ఒక్క బండి నడుపుకోండి."

"ఒక్కటేనా?"

"మామయ్యగారి స్టేషన్లో రోజుకి ఎన్ని ఆగేవి?"

"ఒక్కటే. తక్కినయన్నీ ఆగకుండ పోతుండె."

"మరింకేం. అసలు మీ కొలత ప్రకారం ఎనభై ఏడు రోజులకొకటి రావాలి. నేను వారానికొకటి ఇస్తున్నాను."



కొత్త సంవత్సరం తర్వాతి ఆదివారం పలక దిగింది. పట్టాల మధ్య రవ్వ పోయి, జీవమణి మూడుసార్లు జల్లించిన సన్న ఇసుక ఉంది. ప్లాట్‌ఫారం మీద ఎవరో నిలబడి ఉన్నారు. అగ్గిపుల్లల మనిషి, నీలం గుడ్డ చొక్కా, చేతిలో గాయక బృందం పట్టీల్లో మిగిలిన ఆకుపచ్చ ముక్క. స్టేషన్ అంతా కట్టి తను మనిషిని పెట్టలేదని విజయరత్నానికి అప్పుడు తట్టింది.

అలవాటు కొద్దీ స్కేలు పెట్టాడు. "జర పొడుగైండు. తలుపు కన్న ఎత్తున్నడు."

"మీరు చిన్నప్పుడు చూసిన మనిషి కదండీ. అంతే ఉండేవారేమో" అంది జీవమణి వంటింట్లోంచి.

ఆయన స్కేలు జేబులో పెట్టేసుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మరు పిడి మీద చెయ్యి వేశాడు.

"ఇగ బండి వదలనా?"

"ఆగండి, అన్నం వారుస్తున్నాను. వచ్చి చూస్తాను."

నాయిన అట్లాగే నిలబడేవాడు, జెండా చుట్టి చంకలో పెట్టుకుని, స్టేషన్ మాస్టరు తల ఊపేదాకా. అలా ఎవరి తల ఊపు కోసమూ తను నిలబడకూడదనే విజయరత్నం డిగ్రీ చదివాడు. ఇంజను ఔటర్ దగ్గర ఆగి ఉంది. వంటింట్లో గంజి వంచుతున్న చప్పుడు వినబడుతోంది. ఆయన వంటింటి గుమ్మం వైపు చూస్తూ, పిడి మీద చెయ్యి తీయకుండా, బుద్ధిగా నిలబడ్డాడు.