మంత్రిగారు విన్న పాఠం

ఇకమీదట తరగతిని నడిపేది పిల్లలేనని విద్యాశాఖ మంత్రిగారు ప్రకటించారు. ఏ బిడ్డకు ఎలా వీలైతే అలా నేర్చుకోవచ్చు, పెద్దవాళ్ళు నోరు అదుపులో పెట్టుకుని వినడం అలవాటు చేసుకోవాలి అని భోజనాల వేళ దాటిపోయేదాకా మాట్లాడారు. అంతటితో ఊరుకోక, మొదటి ఫ్లెక్సిబుల్ క్లాసురూములో తానే విద్యార్థిగా కూర్చుంటానన్నారు. ఇంత వినయం గల మంత్రిని నా కెమెరా ఇంతకుముందు చూడలేదు. నేను ఆ శాఖవాళ్ళు సభలకు పిలిపించుకునే ఫొటోగ్రాఫర్ని.

ఆ గది బడి మేడమీద ఉంది. కింది గదుల్లో వెలుతురు చాలదని, ఫొటోలు మసకగా వస్తాయని శాఖ డైరెక్టరుగారే పైగదిని ఎంచారు. కదిలే చక్రాల బల్లలు, రంగు చాపలు. ఒక పక్క 'చదివే మూల', ఇంకో పక్క 'చేసి చూసే మూల', కిటికీ దగ్గర 'వినే మూల'. ఎవరు ఏ మూలకు వెళ్ళాలో చెప్పే పని ఆ రోజు ఒక రెండు జడల అమ్మాయిది.

"మీకు ఏది కష్టంగా ఉంటుంది సార్?" అని ఆ పిల్ల మంత్రిగారిని అడిగింది.

"నాకు కష్టమన్నదే లేదమ్మా," అంటూ ఆయన తన చిన్నతనం ఎత్తుకున్నారు. ఆ కథ కాలేజీ దాకా వచ్చేవరకు ఆ పిల్ల ఓపిక పట్టి, "మీరు వినే మూలకు వెళ్ళండి సార్," అంది.

డైరెక్టరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మంత్రిగారు మాత్రం నవ్వుతూ వెళ్ళి చాప మీద కూర్చున్నారు.

ఆ మూలలో పద్ధతి ఒకటే. పక్కవాళ్ళు చెప్పింది వినాలి, విన్నది తిరిగి చెప్పాలి. ఆయనకు జోడీగా కూర్చున్న కుర్రాణ్ణి అంతా బొమ్మలాయన అంటారు. నత్తి వల్ల మాట ఆలస్యంగా వస్తుంది కాబట్టి సగం నోటితో, సగం పెన్సిలుతో చెబుతాడు.

"మా... మా ఫ్రెండు..."

"ఫ్రెండ్సందరికీ ఈ గది బాగా నచ్చిందంటున్నాడు," అని మంత్రిగారు తిరిగి చెప్పేశారు. డైరెక్టరుగారు చప్పట్లు కొట్టారు.

"వాడింకా చెప్పలేదు సార్," అంది రెండు జడల అమ్మాయి.

కుర్రాడు కాగితం మీద రెండు చక్రాలు గీశాడు.

"చక్రాల బల్ల. మన పథకమే," అన్నారు మంత్రిగారు.

డైరెక్టరుగారు వంగి ఆయన చెవిలో ఏదో చెప్పబోయారు. "అందించకండి సార్. ఆయన్ని సొంతంగా చెయ్యనివ్వండి," అని ఆ పిల్ల డైరెక్టరుగార్ని ఆపి, మంత్రిగారి వైపు తిరిగింది. "తొందరేం లేదు సార్. ఒక్కొక్కరికి ఒక్కో టైం పడుతుంది."

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. పెన్సిలు కింద పెట్టి మంత్రిగారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మా ఫ్రెండు... కింద ఉండిపోయింది. వీ... వీల్‌చైరు. మెట్లెక్కలేదు. నిన్నటిదాకా తను చదివేది, నేను గీసేవాణ్ణి. మా క్లాసు కి... కిందకి దించండి."

మంత్రిగారు కళ్ళు మూసుకుని, తెరిచి, నెమ్మదిగా తిరిగి చెప్పారు.

"ఈ బాబు ఫ్రెండు కింద ఉండిపోయింది. వీల్‌చైరు. మెట్లెక్కలేదు. నిన్నటిదాకా ఆ అమ్మాయి చదివేది, ఇతను గీసేవాడు. క్లాసు కిందకి దించమంటున్నాడు."

ఒక్క ముక్క పోలేదు. రెండు జడల అమ్మాయి, "ఇప్పుడొచ్చింది సార్," అని ఆయన జేబుకు నక్షత్రం అంటించింది. బొమ్మలాయన ఊపిరి వదిలి, ఆ రోజు మొదటిసారి నవ్వాడు. మంత్రిగారికి కళ్ళు చెమర్చాయి. ఆ తడి ఆరకముందే నా వైపు తిరిగారు. తరవాత వినడం ఎంత గొప్ప విద్యో వివరిస్తూ ఎండ తగ్గేదాకా మాట్లాడారు.

ఆయన మెట్లు దిగుతుంటే నేను కెమెరాతో ముందు దిగాను. పిల్లలు పైన పిట్టగోడ పట్టుకుని చూస్తున్నారు. మెట్ల కింద వీల్‌చైరులో ఒక అమ్మాయి, ఒళ్ళో తెరిచిన పుస్తకంతో కూర్చుని ఉంది. మంత్రిగారు ఆగి, ఆ పిల్ల తల నిమిరారు.

"ఏమ్మా, అందరూ పైన చదువుకుంటుంటే నువ్వొక్కదానివే ఇక్కడ కూర్చున్నావేం?"

ఆ పిల్ల మెట్ల వైపు చూసింది. తరవాత ఆయన వైపు చూసింది.

"భయపడకు, ఎవరూ ఏమీ అనరు. పైకి వెళ్ళు. అదంతా మీలాంటి పిల్లల కోసమే పెట్టాం," అన్నారాయన.

మెట్లు కూడా పడేలా ఇద్దరికీ ఒక ఫొటో తియ్యమన్నారు. తీశాను.